చెవి తెగిన సైకిలు

జూన్ 2

అన్నయ్యకి,

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగను; అడిగితే నాలుగు పేజీల మోకాలు రాసి పంపిస్తావు. ఎంత వంగిందో ఒక్క అంకె రాయి, చాలు.

నీతో ఒక పని పడింది. మా లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర ఒకావిడ ఉంది. నాలాగే బస్సు లేని దారి, నడిచి వస్తుంది. గంటా పది నిమిషాలు. వచ్చాక ఎనిమిది గంటలు నిలబడాలి, మళ్లీ గంటా పది నిమిషాలు నడవాలి. సాయంత్రానికి కాళ్లు చెప్పుల్లో పట్టవు. ఆవిడకి ఎవరిదో పాత పది గేర్ల సైకిలు దొరికింది. గేర్లు మొరాయిస్తున్నాయి, చైను ఊరికే ఊడిపోతోంది. ఆ గేర్లన్నీ పీకేసి, ఒకే ఒక్క గేరుతో మామూలు సైకిల్లా చేసుకుని పనికి రావచ్చా అని అడుగుతోంది. మా అన్నయ్యకి ఇవన్నీ కొట్టిన పిండి అని నేనే గొప్పగా చెప్పాను. ఎలా చెయ్యాలో రాయి. కాస్త మనిషికి చెప్పినట్టు రాయి, నీ తిట్లు తినడానికి ఆవిడ నీ చెల్లెలు కాదు.

నీ బట్టలు ఉతికి పెట్టెలో పెట్టాను.

చెల్లి

జూన్ 8

పిచ్చుకా,

యాభై ఎనిమిది. ఇదిగో నీ అంకె, ఫ్రేము కట్టించుకో.

పెడలు ఒక చుట్టు పూర్తిగా తిరగాలంటే మోకాలు నూట పది డిగ్రీలు వంగాలని మా ఆసుపత్రి వ్యాయామం మేడం చెప్పింది. అంటే ఇంకా యాభై రెండు. రోజుకొకటి సంపాదించినా జూలై ముగిసేసరికి సైకిలెక్కుతాను. ఆ లారీవాడు నా మీంచి పోయాడు గానీ నా పని అయిపోలేదు. అవనివ్వను కూడా. సైకిలు లేకపోతే నాకేముంది చెప్పు? పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఉన్న ఒక్క చెల్లెలూ మొద్దు. మళ్లీ తొక్కలేనని ఎవరైనా చెప్పిన రోజు ఈ కాలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పక్క మంచం మేస్త్రీ రోజూ తన కోణాల కొలబద్ద పట్టుకుని నా మోకాలు కొలుస్తున్నాడు. గోడలు కొలిచిన చెయ్యి కదా, అర డిగ్రీ కూడా ఎక్కువ చెప్పడు, పిసినారి.

ఇక నీ ఇస్త్రీ మహారాణి సంగతి. గేర్లు వాడటం చేతకానివాళ్ల దగ్గర గేర్లుంటే మొరాయించక ముద్దులాడతాయా? తీసెయ్యమను. హ్యాండిల్ దగ్గర మీటలు, వాటి వైర్లు, చైనుని అటూ ఇటూ తోసే యంత్రాలు రెండూ తియ్యాలి. వెనక ఐదు పళ్లచక్రాలున్న ఫ్రీవీల్ విప్పేసి, ఒక్క చక్రమున్నది బిగించాలి. ముందున్న రెండింట్లో చిన్నది ఉంచాలి. చైను కత్తిరించి పొట్టి చెయ్యాలి. చెప్పడానికి ఇంతే. ముందు ఒకటి చూసి చెప్పమను: వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా? నిలువుగా ఉంటే నడిచే రమ్మను. అడ్డంగా ఉంటే చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగువు చేసుకోవచ్చు.

నా సైకిలు మీద గుడ్డ కప్పి ఉందా? దుమ్ము దులుపు. గోడ కొక్కెం మీంచి దించకు. గుడ్డతోనే దులుపు, చెయ్యి తగలనివ్వకు, నీ చేతులకి ఎప్పుడూ సబ్బు జిడ్డు.

మీ అన్న

జూన్ 15

అన్నయ్యకి,

గాడి అడ్డంగానే ఉంది. ఆవిడ సంతోషానికి పట్టపగ్గాల్లేవు, అందుకు తగ్గట్టే ఇప్పుడు నీ పనిముట్లు కావాలంటోంది. ఫ్రీవీల్ విప్పడానికి పళ్లున్న బిళ్ల ఒకటి ఉంటుందట కదా, చైను మేకు నెట్టేది ఇంకోటి. సైకిలు షాపుకి పోతే అతను సైకిలు చూసి ఎక్కడిదని పది ప్రశ్నలు వేస్తాడని ఆవిడకి భయం. దొంగసొత్తు కాదులే, భయస్తురాలు. నీ పనిముట్ల పెట్టె తియ్యనా?

నీ సైకిలు గురించి అడిగావు. కొక్కెం గట్టిగా ఉంది. గుడ్డ ఉతికి ఆరేశాను.

యాభై ఎనిమిది అన్నావు, సంతోషం. కానీ అన్నయ్యా, రోజుకొకటి అని లెక్కలు కట్టుకోకు. కాలు మన మాట వినదు.

చెల్లి

జూన్ 21

పిచ్చుకా,

అరవై తొమ్మిది! కాలు మన మాట వినదట. నీ కాలు వినదేమో, నాది వింటుంది. నీ నోట మంచిమాట ఒక్కటి రాదా?

నా పెట్టె అడగడానికి నీకెంత ధైర్యం! నేనక్కడ ఉంటే ఏం జరిగేదో నీకు తెలుసు. పదేళ్ల కిందట నా స్పానరుతో తలుపు గడియ కొట్టినందుకు ఎన్ని రోజులు మాట్లాడలేదో గుర్తుందా? అయినా సరే, తియ్యి. ఎందుకంటే ఇక్కడ పొద్దున్నే లేచి పైకప్పు చూడటం తప్ప పనిలేదు. ఆవిడ సైకిలు గురించి ఆలోచిస్తుంటే మోకాలు నొప్పి తెలియడం లేదు. నిన్న మేడం కాలు పట్టుకుని వంచుతుంటే నేను కళ్లు మూసుకుని ఆవిడ చైను కొలుస్తున్నాను. వాడినవి వాడినట్టే తుడిచి పెట్టాలి, అది చెప్పు.

ఫ్రీవీల్ తిప్పేటప్పుడు చక్రాన్ని గోడకి ఆనించి, మనిషి బరువంతా వెయ్యమను. కొత్తది పదహారు పళ్లది తీసుకోమను. పద్దెనిమిదైతే తేలిక కదా అని గునుస్తుంది, ఒప్పుకోకు. తొడలు మండితే మండనీ. వెనక నిలబడి చూస్తే ముందు చక్రం, వెనక చక్రం, చైను ఒకే గీతలో కనపడాలి. లేదంటే ఫ్రీవీల్ కింద సన్న బిళ్లలు వేసి సర్దాలి. చైను మధ్యలో వేలితో నొక్కితే ఒక వేలు మందం కదలాలి, అంతకు మించకూడదు.

మేస్త్రీకి మోకాలి పైదాకా కాలు తీసేశారు. చీము పట్టిందట. ఇప్పుడాయనకి కొలిచే పని తప్పింది, నాకు కొలబద్ద పట్టేవాళ్లు లేరు. ఆయన ఏడుస్తుంటే గోడవైపు తిరిగి పడుకుంటున్నాను. ఏం చెయ్యమంటావు?

మీ అన్న

జూలై 1

అన్నయ్యకి,

అయిపోయింది. ఆవిడ నిన్న తొక్కుకుంటూ పనికొచ్చింది!

పదహారు పళ్లదే వేసుకుంది. చైను గీత సర్దడానికి ఆదివారమంతా పట్టింది. ఒకసారి ఊడిపోయి మోచెయ్యి గీరుకుంది కూడా. అయినా ఇరవై నాలుగు నిమిషాల్లో వచ్చేసింది. లాండ్రీ తలుపులు తియ్యలేదు. మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది. ఇన్నేళ్లలో పనికి ముందు కూర్చోవడం అదే మొదటిసారి అన్నయ్యా. ఊరికే కూర్చుంది, అంతే. మిగతావాళ్లు నడిచి వస్తుంటే చూస్తూ కూర్చుంది. నవ్వొచ్చిందట. మీటలు లేవు, వైర్లు లేవు, టకటక చప్పుడు లేదు, తొక్కితే ముందుకు పోతుంది. ఇంత తేలికైన సంగతి ఎవరూ ముందే ఎందుకు చెప్పలేదో అంటోంది.

రెండు సందేహాలు. తీసిన గేర్ల సామాను ఏం చెయ్యాలి? కాగితంలో చుట్టి పెట్టింది. ఇంకోటి, వెనక కుడిపక్క గాడి కింద ఇనుప ముక్క చెవిలా వేలాడుతోంది, గేరు యంత్రం దానికే తగిలించి ఉండేది. పాంటు అంచు దానికి పట్టుకుని చిరుగుతోంది. దాన్నేం చెయ్యాలి?

మేస్త్రీగారిని అడిగానని చెప్పు. గోడవైపు తిరక్కు, పలకరించు.

చెల్లి

జూలై 8

పిచ్చుకా,

డెబ్బై ఎనిమిది. తొమ్మిది రోజులుగా డెబ్బై ఎనిమిదే. మేడం ఎంత నొక్కినా తలుపు బిగుసుకున్నట్టు అక్కడే ఆగుతోంది. నేను అరుస్తున్నాను, మేడం మొహం చాటేస్తోంది. ఎల్లుండి మత్తిచ్చి బలవంతాన వంచి చూస్తారట. ఎవరూ ఏమీ చెప్పరు. నీకేమైనా రాశారా? రాసినా చెప్పవులే, నువ్వూ ఒక గోడవే.

మేస్త్రీని పలకరించమంటావా? పలకరించాను. "నా కాలు లేదు, నీది వంగదు, ఇద్దరం ఒకటే" అన్నాడు. ఒకటెలా అవుతాం? మళ్లీ నాతో మాట్లాడొద్దని చెప్పాను.

ఆ చెవి కోసి పారెయ్యమను. ఇనుము కోసే రంపంతో మొదలంటా కోసి, నున్నగా గీకెయ్యమను. మళ్లీ గేర్లు పెట్టుకుందామన్న బుద్ధి పుట్టినా దారి లేకుండా! ఒకసారి కోశాక అది అతకదు. వెల్డింగు వేడికి అక్కడి సన్నగొట్టం కాలి పెళుసైపోతుంది. కాలనీ! సామాను దాచిందా? ఎందుకు, హారతివ్వడానికా? సుత్తితో నాలుగు దెబ్బలు వేసి పాత ఇనుము బండిలో పడెయ్యమను. అసలు ఆ సైకిలు ముందు ఎవడిదో గానీ పనికిమాలినవాడు. చదునుగా ఉన్న ఊళ్లో వాడికి పది గేర్లెందుకు? డాబుకి! అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. వాడి డాబు కోసెయ్యమన్నానని చెప్పు.

మీ అన్న

జూలై 23

అన్నయ్యకి,

నువ్వు చెప్పినట్టే అయింది. మొన్న ఆదివారం, ఇరవయ్యో తారీఖున, చెవి కోసేసింది. ముప్పావుగంట పట్టింది. గేర్ల సామాను బండివాడికి వేసేసింది.

పాంటు చిరగడం లేదు.

ఇక్కడ వాన మొదలైంది. వాకిట్లో నీళ్లు నిలుస్తున్నాయి, ఇటుకలు వేశాను. నీ మోకాలు సంగతి నువ్వే రాస్తావని ఆగాను.

చెల్లి

జూలై 30

ఒసేయ్ పిచ్చుకా! నా బంగారు చెల్లీ!

నూట మూడు! నూట మూడే! మత్తిచ్చి వంచారు, లోపల అతుక్కున్నవి ఏవో తెగాయి, మూడు రోజులు నరకం చూశాను. అయితేనేం! ఇంకో ఏడు కావాలి. అది కొద్దిరోజుల పని అంటున్నారు డాక్టరుగారు. వార్డంతా వినపడేట్టు ఏడ్చాను. సిగ్గు కూడా వెయ్యలేదు. మేస్త్రీ తన కొలబద్ద తెప్పించుకుని మంచం మీంచే వంగి కొలిచాడు. నేను అన్న మాటలకి క్షమించమని అడిగాను. నేను క్షమించమనడం నువ్వెప్పుడైనా విన్నావా?

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఈ మోకాలికి మందు సైకిలే. మూడు నెలలు రోజూ తొక్కాలి, లేకపోతే మళ్లీ బిగుసుకుపోతుంది, రెండోసారి వంచడం కుదరదు అన్నారు. ఇక్కడ కసరత్తు గదిలో కదలని సైకిలు ఒక్కటే, నలభైమందిమి, వారానికోసారి పది నిమిషాలు వంతు. కాబట్టి నా సైకిలు కావాలి. మొదటి నెల అన్నిటికంటే తేలిక గేరులో, పెడలు మీద బరువు పడకుండా తిప్పాలి. తర్వాత ఒక్కో గేరు పెంచుకుంటూ పోవాలి. బిగువు గేరులో ఒక్కసారి గట్టిగా తొక్కినా కుట్లు తెగుతాయట. డాక్టరుగారు నన్నడిగారు, మీ దగ్గర గేర్ల సైకిలుందా అని. ఉందా అనా! పదకొండేళ్లు ఒక్కో ముక్కా ఏరి కూర్చుకున్నానండీ అన్నాను.

ముందు చక్రం విప్పి, గోనెసంచి చుట్టి లారీ పార్శిల్లో పంపించు. వెనక గేరు యంత్రానికి అట్ట కట్టు, దెబ్బ తగలకూడదు. నీ చేతులు సబ్బుజిడ్డైనా ఫర్వాలేదు, ముట్టుకో!

మీ ఇస్త్రీ ఆవిడకి నా నమస్కారం. ఆవిడ సైకిలు లేకపోతే జూన్ నెలలో నాకు పిచ్చెక్కేది. ఇంటికొచ్చాక నేనే వచ్చి ఆవిడ చైను చూసిపెడతాను.

మీ అన్న

ఆగస్టు 5

అన్నయ్యా,

సైకిలు పంపలేను.

ఇస్త్రీ ఆవిడ లేదు. ఆ బల్ల దగ్గర ఉండేది ఒక ముసలాయన, ఆయనకి సైకిలు రాదు. కొక్కెం మీంచి దించింది నేను. విప్పింది నేను, కోసింది నేను, రోజూ తొక్కేది నేను. నువ్వు రాసిన ప్రతి మాటా నీ సైకిలుకే రాశావు.

మే నెలాఖరులో డాక్టరుగారు నాకు ఉత్తరం రాశారు. ఎనభై దాటదు, ఆశ పెట్టకండి, ఇప్పుడే చెప్పకండి అని. ఎనభై దాటకపోతే నువ్వు తొక్కవు. నువ్వు తొక్కని సైకిలు గోడకి వేలాడుతుంటే, దాని కిందనుంచే నేను రోజూ చెప్పులేసుకుని నడకకి బయల్దేరాలా? ఆ ఉత్తరం చదివే ఈ పని మొదలుపెట్టాను.

నువ్వు తిడతావు, తిట్టు. కానీ ఒకటి అడుగుతాను. రెండేళ్ల కిందట జోరువానలో, లాండ్రీ దారిలో, జ్వరంతో నడుస్తున్నాను. వెనకనుంచి నువ్వొచ్చావు, నీ సైకిలు పందేనికి సాధన చేసుకుంటూ. నన్ను చూశావు. ఆగుతావనుకున్నాను. చెయ్యి ఊపి వెళ్లిపోయావు. ఇంటికొచ్చాక "తడిస్తే బాగా నడుస్తావే" అని నవ్వావు కూడా. నీకు గుర్తుండదు.

నూట మూడు అని చదివి సంతోషించాను.

చెల్లి

ఆగస్టు 10

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి చదివి కంచం విసిరేశాను, మేస్త్రీకి తగిలింది.

పిచ్చుక అని పిలవను. ఏమని పిలవాలో తెలియడం లేదు.

నా చేత్తోనే నా సైకిలు కోయించావు. పదహారు పళ్లది వేసుకోమన్నది నేనే. సుత్తితో కొట్టమన్నదీ, పనికిమాలినవాడన్నదీ నేనే. వార్డులో అందరికీ చదివి వినిపించి నవ్వించానే, ఆ మాటలు! నువ్వు అక్కడ కూర్చుని అవి చదువుతూ ఏమనుకున్నావు? ఇంకోటి కొనుక్కో అని మాత్రం రాయకు. అది కూర్చిన పదకొండేళ్లు నా దగ్గర మళ్లీ లేవు, ఈ మోకాలికి ఉన్నది మూడు నెలలు.

వానలో ఆగలేదన్నది నిజం. గుర్తుంది. ఆగితే ఊపు పోతుందని ఆగలేదు. తప్పే. అదొక్కటే కాదు, చాలా ఉన్నాయి. కాళ్లు చాపుకుని మెట్టు మీద కూర్చున్న ఉత్తరం మళ్లీ తీసి చదివాను. అది నువ్వని తెలిశాక చదివితే నాకు కోపం సరిగా రాలేదు. అదే నాకు కష్టంగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎనభై దాటదన్న ఉత్తరం చూసి చేశానన్నావు. అదైతే నేను మింగగలను. ఎలాగో మింగుతాను. కానీ ఇవాళ డాక్టరుగారిని అడిగాను. మోకాలు వంగింది, మళ్లీ తొక్కుతాడు, గేర్ల సైకిలు సిద్ధంగా ఉంచండి అని నీకు జూలై పన్నెండునే రాశానన్నారు. మన ఉత్తరాలకి ఐదు రోజులు పడుతుంది. నువ్వు చెవి కోసింది ఇరవయ్యో తారీఖున. నువ్వే రాశావు.

ఆ ఉత్తరం వానల్లో ఎక్కడో ఆలస్యమై, ఇరవై తర్వాత అందింది. అంతే కదా? ఒక్క ముక్క రాయి. అందలేదు అని రాస్తే నేను నమ్ముతాను, ఇంకెప్పుడూ అడగను. ఇరవై మూడున నన్ను పంపించేస్తున్నారు. మంచం ఖాళీ చెయ్యాలట. నాకు వేరే ఇల్లు లేదు, వేరే మనిషీ లేదు. ఆ ఒక్క ముక్కతో ఇంటికొస్తాను.

అన్న

ఆగస్టు 16

అన్నయ్యా,

మంచం ముందు గదిలో వేశాను, మెట్లు ఎక్కక్కర్లేదు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించాను. వండిపెట్టి వెళ్తాను, సాయంత్రం ఆరులోపు వచ్చేస్తాను. ఇరవై మూడున నేను పనిలో ఉంటాను, తాళంచెవి పక్కింట్లో అడుగు.

ఒక్క ముక్క రాయమన్నావు. రాస్తే నమ్ముతావని తెలుసు. అందుకే రాయలేకపోతున్నాను.

ఉత్తరం పదిహేడునే అందింది. గురువారం. లాండ్రీ నుంచి వచ్చి, సైకిలు మీంచి దిగకుండా, గుమ్మం దగ్గర ఒక కాలు ఆనించి చింపి చదివాను. నువ్వు మళ్లీ తొక్కుతావని చదవగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నిజం. రెండోసారి చదివాక నువ్వు రావడం కనపడింది. వస్తావు, ఆ పదహారు పళ్లది పీకేస్తావు, గేర్లు బిగించుకుంటావు, మళ్లీ కొక్కేనికి తగిలిస్తావు, గుడ్డతో దులపమంటావు. మర్నాడు పొద్దున నేను చెప్పులేసుకుంటాను.

అప్పటికి నేను దేన్నీ పాడుచెయ్యలేదు అన్నయ్యా. నువ్వు సుత్తితో కొట్టమని రాసినా కొట్టలేదు. ప్రతి ముక్కా నువ్వు చేసినట్టే బ్రష్షుతో కడిగి, నూనె రాసి, కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాను. డాక్టర్లు కూడా పొరబడతారు కదా, నీ కాలు బాగైతే ఒక పూటలో బిగించేద్దామని. చెవి కూడా కొయ్యలేదు. కొయ్యమని నువ్వు రాసిన ఉత్తరం వచ్చాక కూడా పాంటు కాలికి తాడు కట్టుకునే తొక్కాను. కొయ్యడానికి చేతులు రాలేదు.

నీ పెట్టెలో రంపం లేదు. నువ్వు నయమయ్యావన్న ఉత్తరం చదివాక, శనివారం పని అవగానే కొట్టుకెళ్లి కొన్నాను.

చెల్లి